కర్రపెండలం దుంప, ఆకు పాడి గేదెలకు పెట్టొచ్చా? మొక్కజొన్న మానేస్తే పాలు తగ్గుతాయా?

మెట్టరైతు

అందరికీ నమస్కారం. మాది జగ్గంపేట దగ్గర మెట్ట ఊరు. రెండెకరాల్లో కర్రపెండలం వేశాను. పాకలో నాలుగు గేదెలు, ఒక జెర్సీ ఆవు ఉన్నాయి. సంక్రాంతి దాటాక దుంప తవ్వించాలి. ఈసారి సగ్గుబియ్యం మిల్లు ధర వింటుంటే తవ్వకం కూలీ, ట్రాక్టరు బాడుగ పోగా చేతికి ఏం వస్తుందో అర్థం కావట్లేదు. దాణా బస్తా మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉంది. అందుకని కొంత దుంప మిల్లుకు తోలకుండా ముక్కలు కోసి ఎండబెట్టి, మొక్కజొన్న నూక బదులు గేదెలకు పెడదామనుకుంటున్నాను.

మొక్కజొన్న పూర్తిగా మానేసి ఈ ముక్కలే పెడితే పాలు తగ్గుతాయా? తవ్వేటప్పుడు బోలెడంత ఆకు చేలో పారేస్తాం, అది మేతకు పనికొస్తుందా? మిల్లు దగ్గర దుంప రుబ్బి పిండి తీశాక మిగిలే పిప్పి చవగ్గా ఇస్తామంటున్నారు, తెచ్చుకోవచ్చా?

మా ఆవిడ అసలు ఒప్పుకోవట్లేదు. పోయినేడు మా వీధిలో ఒకాయన మేక దుంపతోటలో దూరి చిగుళ్లు మేసి, ఇంటికి తోలుకొచ్చేలోపే పడిపోయింది. అది చూసినప్పటి నుంచి తనకు భయం. మనం ఉడకబెట్టుకుని తినేదేగా, పశువుకేమవుతుంది అని నేనంటున్నాను. పెట్టిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఏలేరు గట్టు

పెట్టకండి అండి. దాంట్లో సైనైడ్ ఉంటుంది. గేదె ఖరీదు ఎంత, మిగిలే దాణా ఖరీదు ఎంత? మీ ఆవిడ మాట వినండి.

పెద్దాపురం పాక

పైన చెప్పినాయన భయం అబద్ధం కాదు గానీ, అది సగం సంగతే. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పెద్దాపురం పక్కన గేదెలు పెట్టుకుని కాలక్షేపం చేస్తున్నాను. ఏటా వేసవికి మా అటక మీద ఎండు దుంప ముక్కలు ఉండాల్సిందే. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ ఆవిడ భయం సంగతి. లేత జొన్న మేసి పశువు పడిపోతే నాము తగిలిందంటాం కదా, ఇదీ ఆ విషమే. కర్రపెండలంలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము కూడా ఆ మొక్కలోనే వేరే చోట ఉంటుంది. దుంపను కోసినా, ఆకును నమిలినా రెండూ కలిసి హైడ్రోసయనిక్ ఆమ్లం, అంటే పైన ఆయన చెప్పిన సైనైడ్ విషం, పుడుతుంది. మనం తొక్క తీసి, ముక్కలు చేసి, ఉడకబెట్టి, నీళ్లు వంచి తింటాం. గేదె పచ్చిదే నమిలి మింగుతుంది. పైగా దాని పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు కూడా లినమారిన్‌ను విడగొడతాయి. అందుకే నెమరువేసే పశువులకు ఈ విషం త్వరగా తగులుతుంది.

లెక్క చూడండి. పశువు ఒంటి బరువులో కిలోకు సుమారు 2 మిల్లీగ్రాముల ఈ ఆమ్లం ఒక్కసారిగా లోపలికి పోతే ప్రాణం మీదకు వస్తుంది. 400 కిలోల గేదెకు 800 మిల్లీగ్రాములన్నమాట. తియ్య రకం పచ్చి దుంపలో కిలోకు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది, చేదు రకంలో 100 దాటుతుంది. అంటే చేదు దుంప 8 కిలోలు చాలు. ఆకలి మీదున్న గేదెకు 8 కిలోలు ఒక లెక్కా? దుంప గుజ్జు కన్నా తొక్కలో ఎక్కువ ఉంటుంది, ఆకులోనూ ఎక్కువే, లేత చిగుళ్లలో అయితే మరీను. 20 కిలోల మేకకు 40 మిల్లీగ్రాములు సరిపోతుంది కాబట్టి మీ వీధిలో మేక అలా పడిపోవడంలో వింతేమీ లేదు.

మన వైపు ఎక్కువగా కనిపించే హెచ్-165, హెచ్-226 మిల్లు కోసం వేసే రకాలు. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 1971లో వదిలినవి. కూరకని పెరట్లో వేసుకునే రకంతో వాటిని పోల్చి ధైర్యం తెచ్చుకోకండి. ఏ రకమైనా సరే, పచ్చి దుంప, పచ్చి ఆకు గేదె ముందు వేయకూడదు. మా పాకలో దీనికి మినహాయింపు లేదు.

ఈ విషానికి విరుగుడు కత్తీ ఎండా. దుంప కడిగి, వీలైతే తొక్క తీసి, చిటికెనవేలి కన్నా సన్నగా ముక్కలు కోసి ఎండలో పరిస్తే, ముక్క తడిగా ఉన్నంతసేపూ లోపలి ఎంజైము పనిచేస్తూనే ఉంటుంది. పుట్టిన విషం గాలిలో కలిసిపోతుంది. అందుకే రెండుమూడు రోజుల మెల్లని ఎండే మంచిది. తొందరపడి డ్రయ్యరులో పెట్టి ఒక్కసారిగా బాగా వేడిచేస్తే 70 డిగ్రీలు దాటాక ఎంజైము చచ్చిపోతుంది, లినమారిన్ ముక్కలోనే మిగిలిపోతుంది. పైకి చూస్తే చక్కగా ఎండినట్టే ఉంటుంది, లోపల విషం అలాగే ఉంటుంది. ముక్క విరిస్తే చిటుక్కుమనాలి, తేమ 14 శాతం లోపే ఉండాలి. మెత్తగా వంగుతుంటే బస్తాకెత్తకండి. లోపల బూజు పడితే ఆ బూజు విషం అఫ్లటాక్సిన్ పాలలోకి కూడా దిగుతుంది.

తవ్విన దుంపను కుప్పపోసి ఉంచకండి. రెండుమూడు రోజులకే లోపల నల్లని, నీలపు చారలు వచ్చి చెడిపోవడం మొదలవుతుంది. ఎంత ఎండబెట్టుకోగలరో అంతే తవ్వించండి.

ఇక పోషణ. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. బలం సంగతి చూస్తే ఎండు దుంప ముక్క దాదాపు మొక్కజొన్నతో సమానం. అంతా పిండి, పీచు తక్కువ, త్వరగా అరుగుతుంది. మాంసకృత్తులు మాత్రం ఎండు ముక్కలో 2, 3 శాతమే. మొక్కజొన్నలో 8, 9 ఉంటాయి. మొక్కజొన్న నూక 2 కిలోలు పెడితే సుమారు 180 గ్రాముల మాంసకృత్తులు పోతాయి. అదే బరువు దుంప ముక్కల్లో 50 గ్రాములు ఉంటే గొప్ప. పైగా మన గేదెలు మేసేది వరిగడ్డి, దాంట్లో ఉండేది మహా అయితే 3, 4 శాతం. గడ్డిలోనూ లేక, దాణాలోనూ లేకపోతే పొట్టలో సూక్ష్మజీవులకు ఏం దొరుకుతుంది? గడ్డి కూడా సరిగా అరగదు. నెల తిరిగేసరికి పాలు తగ్గుతాయి, దుంప వల్ల పాలు పోయాయంటారు. నిజానికి పోయింది మాంసకృత్తులు.

కాబట్టి కిలో మొక్కజొన్న తీసేసి కిలో దుంప ముక్కలు పెట్టినప్పుడల్లా దాంతోపాటు సుమారు 150 గ్రాముల వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలేది) అదనంగా పడాలి. ధర కూడా ఇలాగే చూసుకోండి. పచ్చి దుంప రెండున్నర నుంచి మూడు కిలోలు ఎండితే కిలో ముక్కలవుతాయి. ఆ దుంపకు మిల్లు ఇచ్చే డబ్బు, కోత కూలీ, చెక్క ఖర్చు కలిపి కిలో మొక్కజొన్న ధర కన్నా తక్కువ అయితేనే ఈ పని చేయండి. దుంపకు మంచి ధర ఉన్న ఏడాది నేను మిల్లుకే తోలేస్తాను.

యూరియా కలిపితే చెక్క ఖర్చు తగ్గుతుందని ఎవరైనా చెప్తారు. అది శాస్త్రం ప్రకారం తప్పు కాదు. దుంప పిండి పొట్టలో త్వరగా పులుస్తుంది కాబట్టి యూరియా నత్రజనికి బాగా జతకూడుతుంది. కానీ ఫ్యాక్టరీలో కొలిచి కలపడం వేరు, మన గంగాళంలో చేత్తో తిప్పడం వేరు. ఒక మూల ముద్ద కడితే ఆ ముద్ద తిన్న గేదె పని అయిపోయినట్టే. దూడలకైతే అసలు పనికిరాదు. ఇంటి దగ్గర కలపమని నేనెవరికీ చెప్పను.

మీ మూడు ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఆకు గురించి అడిగింది. అందరూ దుంప దుంప అంటారు గానీ, పాడికి దీనిలో అసలు సరుకు ఆకే. ఎండిన ఆకులో మాంసకృత్తులు 20 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. బస్తా దాణా కొంటే దాని మీద రాసేది 20, 22 శాతమేగా! సున్నం (కాల్షియం) కూడా బాగానే ఉంటుంది. లావు కాడలు కలిస్తే ఆ శాతం పడిపోతుంది కాబట్టి ఆకు, లేత కొమ్మ వరకే కోయాలి. థాయిలాండ్‌లో ఖోన్ కెన్ విశ్వవిద్యాలయంలోని మేథా వనాపట్ అనే పశుపోషణ శాస్త్రవేత్త ఈ ఆకు మేత మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడ మేత కోసమే మొక్కలు దగ్గరదగ్గరగా నాటి, మూడు నెలలకు మొదటి కోత, ఆపైన రెండేసి నెలలకు ఒక కోత కోసి, ఎండబెట్టి పాడి ఆవులకు పెట్టే పద్ధతి వచ్చింది. ఆ మేరకు కొనే దాణా తగ్గించుకోవచ్చు. ఆకులోని టానిన్లనే వగరు పదార్థాల వల్ల కొంత మాంసకృత్తులు పెద్ద పొట్టలో వృథా కాకుండా కింది పేగులకు చేరతాయి. టానిన్ మితిమీరితే మేత తినడమే తగ్గిస్తాయి, అది వేరే సంగతి.

మీరు దుంప కోసం వేశారు కాబట్టి మధ్యలో ఆకు దూయకండి, దుంప ఊరదు. తవ్వేముందు కర్రలు నరుకుతారుగా, విత్తనపు కర్ర పక్కన పెట్టుకుని తలల్లోని ఆకు దూసుకోండి. తరిగి, పలచగా పరిచి, గలగలలాడేదాకా ఎండబెట్టాలి. పాడి గేదెకు రోజుకు కిలో, మెల్లగా అలవాటయ్యాక కిలోన్నర. దుంప ముక్కలు, ఈ ఆకు కలిపి పెడితే నేను పైన చెప్పిన చెక్క లెక్క చాలావరకు తేలికవుతుంది.

మరొక్కటి. ఎంత ఎండబెట్టినా కొద్దిగా విషం మిగులుతుంది. దాన్ని విరిచేందుకు పశువు ఒంట్లోని గంధకం ఖర్చవుతుంది, అప్పుడు తయారయ్యే థయోసయనేట్ అయోడిన్‌కు అడ్డుపడుతుంది. మినరల్ మిక్చరు, అయోడిన్ ఉప్పు మానకండి. మిక్చరు సంచి మీద గంధకం ఉందో లేదో చదవండి.

అనపర్తి లేయర్స్

మాది గుడ్ల కోళ్ల ఫారం. మొక్కజొన్న ధర బాగా పెరిగినప్పుడు మేమూ దుంప పిండి కలిపి చూశాం. కోళ్లు బాగానే ఉన్నాయి, గుడ్డు సొనే పాలిపోయింది. పచ్చ మొక్కజొన్నలో ఉండే రంగు ఈ దుంపలో లేదు. కొట్లవాళ్లు వెంటనే పట్టేస్తారు, ఏంటి సార్ గుడ్డు తెల్లగా ఉంది అని. ఇంకో తలనొప్పి దుమ్ము. పిండి మెత్తగా ఎగిరి కోళ్ల ముక్కుకు, మనకూ ఇబ్బంది. కొంచెం నూనె కలిపితే తగ్గింది. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం కూడా పెంచాల్సి వచ్చింది, అది తగ్గితే గుడ్డు తగ్గుతుంది. గేదెకు సొన బాధ లేదు గనక మీరు అదృష్టవంతులు.

ఆత్తూరు తెలుగువాడు

పిప్పి గురించి నేను చెప్తాను. మేం తరాలుగా సేలం జిల్లాలో ఉంటున్న తెలుగువాళ్లం, ఇక్కడ ఎటు చూసినా సగ్గుబియ్యం, స్టార్చి మిల్లులే. పిప్పిని ఇక్కడ తిప్పి అంటారు, పశువుల దాణాలో కలపడం ఎప్పటి నుంచో ఉంది.

తడి పిప్పి చవకని ట్రాక్టరు నింపుకుంటారు చూడండి, దాంట్లో ఐదింట నాలుగు వంతులు నీళ్లే. 100 కిలోలు తెస్తే చేతికొచ్చే ఎండు సరుకు సుమారు 20 కిలోలే. బాడుగంతా నీళ్లకే పోతుంది. మిల్లు పక్కనే ఉంటే సరేగానీ, దూరమైతే ఎండబెట్టినదే కొనండి. ఎంత పిండినా పిప్పిలో సగానికి పైగా పిండిపదార్థం మిగిలే ఉంటుంది కాబట్టి బలం ఉంది, కానీ పీచు దుంప ముక్క కన్నా ఎక్కువ, మాంసకృత్తులు 2 శాతం చుట్టుపక్కల. దుంపకు పెద్దాయన చెప్పిన చెక్క లెక్క దీనికీ వర్తిస్తుంది.

తడిది ఒకటి రెండు రోజుల్లో పులిసిపోతుంది. కొద్దిగా పులిస్తే పశువు ఇష్టంగానే తింటుంది, బూజు పడితే మాత్రం పెంటకుప్పలో వేయండి. ఎండబెట్టే కళ్లం ఎలా ఉందో కూడా చూడండి. మట్టి నేల మీద ఆరబెట్టిన సరుకులో బరువు కోసం ఇసుక కూడా కొంటున్నట్టే. గుప్పెడు తీసుకుని నీళ్లగ్లాసులో వేస్తే అడుగున ఎంత తేలుతుందో, సారీ, ఎంత దిగుతుందో కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, మిల్లు కాలువ నీళ్లు పశువులు తాగకుండా చూడండి. దుంప కడిగి, రుబ్బి, పిండి తీశాక వచ్చే ఆ నీళ్లలోకి దుంపలోని విషం చాలా భాగం దిగుతుంది.

మెట్టరైతు

అందరికీ థాంక్సండి. పెద్దాపురం బాబాయ్ గారూ, మీది మా ఆవిడకు చదివి వినిపించాను. "అయితే ఎండబెట్టే పని మీదే, కోసే పని కూడా మీదే" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

ఇంకొన్ని అడగాలి. రోజూ ఎంతతో మొదలుపెట్టాలి? నా గేదెల్లో రెండు చెరి 8 లీటర్లు ఇస్తున్నాయి. ఒకటి వట్టిపోయింది, ఇంకోటి చూడితో ఉంది. తవ్వే రోజుల్లో మబ్బు పడితే ఆకు ఎలా ఎండబెట్టాలి? దూడలకు పెట్టొచ్చా?

పెద్దాపురం పాక

మీ ఆవిడ గారికి నా నమస్కారాలు. పని పంపకం బాగుంది.

పాలిచ్చే గేదెకు ఎండు ముక్కలు పావుకిలోతో మొదలుపెట్టి, రెండు వారాల్లో కిలోన్నర దాకా తీసుకెళ్లండి. 8 లీటర్ల గేదెకు నేనైతే 2 కిలోలు దాటించను. పొద్దున సగం, సాయంత్రం సగం, అదీ ముందు గడ్డి పడ్డాకే. పిండి ఒక్కసారిగా ఎక్కువ పడితే పొట్టలో ఆమ్లం పెరిగి గేదె మేత మానేస్తుంది, పేడ పలచబడుతుంది, వెన్న శాతం పడిపోతుంది. పాల కేంద్రంలో చీటీ చూస్తే మీకే తెలుస్తుంది. వెన్న పడిందంటే ముక్కలు తగ్గించి గడ్డి పెంచండి. ముక్కలు నానబెట్టి కుడితిలో పెట్టే అలవాటుంటే ఆ నానబెట్టిన నీళ్లు పారబోసి పెట్టండి.

వట్టిపోయినదానికి ఇంత బలం అవసరం లేదు, దానికి ఆకు, గడ్డి చాలు. చూడి గేదెకు ఇప్పుడు కొత్త మేత అలవాటు చేయకండి, ఈనాక చూద్దాం. దూడలకు నెమరు బాగా పట్టేదాకా వద్దు.

మబ్బు పడితే ఆకును పాతరేయడం, అంటే గాలి తగలకుండా పులియబెట్టి సైలేజీ చేయడం మంచిది. గడ్డి కోసే మిషనులో ఆకు, దానితోపాటు కొంచెం దుంప ముక్క తరగండి. దుంపలోని పిండి, తీపి ఉంటే పులుపు త్వరగా పడుతుంది, ఆకు ఒక్కటే అయితే కుళ్లే అవకాశం ఎక్కువ. ప్లాస్టిక్ డ్రమ్ములోనో, మందపాటి పాలిథీన్ సంచిలోనో వేసి గాలి లేకుండా తొక్కి తొక్కి మూయండి. నెల రోజులు ముట్టుకోవద్దు. ఆ నెలలో విషం చాలావరకు విరిగిపోతుంది. తెరిచినప్పుడు పుల్లని వాసన రావాలి, బూజు కంపు కొడితే పశువుకు పెట్టకండి. తీసిన సైలేజీని గంటసేపు గాలికి ఆరబెట్టి అప్పుడు పెట్టండి. మిషను ముందు ముఖం పెట్టి తరగకండి, పాక మూసేసి అసలే తరగకండి. ఆ వాసన మనుషులకూ మంచిది కాదు.

పొరపాటున ఏ పశువైనా తోటలో దూరి పచ్చి ఆకు మేస్తే గుర్తులు ఇవి. ఊపిరి కష్టంగా తీస్తుంది, తూలుతుంది, నోట్లో నురగ వస్తుంది, కంటి లోపలి పొర ఎర్రగా మెరుస్తుంది. గంటల టైము ఉండదు, నిమిషాలే. నాటు వైద్యం చేస్తూ కూర్చోవద్దు. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరంలోకి ఎక్కించాలి, అది డాక్టరు చేయాల్సిన పని. తవ్వకం మొదలయ్యేలోపు మీ డాక్టరు దగ్గర ఆ మందులు ఉన్నాయో లేదో కనుక్కుని ఉంచండి, పశువుల అంబులెన్సు నంబరు 1962 కూడా ఫోనులో వేసుకోండి.

ఏలేరు గట్టు

నేను పెట్టకండి అన్నది పచ్చిది గురించే అనుకోండి. ఎండు ముక్కలు మీరు ఎక్కువగా చేస్తే మాకో రెండు బస్తాలు అమ్ముతారా మెట్టరైతు గారూ?

మెట్టరైతు

ముందు మా గేదెలకు సరిపోనివ్వండి సార్. టార్పాలిన్లు రెండే ఉన్నాయి, ఇంకో రెండు అద్దెకు దొరికితే అప్పుడు చెప్తాను. ఎండు ముక్కల కిలో ఎంత కట్టాలో మాత్రం పెద్దాపురం బాబాయ్ గారి లెక్కలోనే ఉంది, బేరమాడొద్దు.